గుర్తు లేని తెల్ల సీసా

"పరీక్షలో దొరకనివాడు మందు తీసుకోలేదని ఎలా నమ్మడం, మాస్టారూ?" అని అడిగాడు లోకనాథం.

అడిగినది గొంప సింహాద్రి మాస్టారిని. ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. చక్రం ఎందుకు ఊగుతోందని అడిగితే చక్రం విప్పి చేతిలో పెట్టేవారు. ఎక్కుడులో ఊపిరి ఎందుకు చాలడం లేదని అడిగితే మర్నాడు ఆ ఎక్కుడు దగ్గరికే తీసుకెళ్లి వదిలేసేవారు. నలభై ఏళ్లుగా మా వైపు సైకిలు పందేల్లో నిలబడ్డ ప్రతివాడూ ఆయన చేతికింద తయారైనవాడే. అందరిలోకీ మొదటివాణ్ణి నేను. ఇది గొప్పకి చెప్పడం లేదు, గొప్పలు చెప్పుకోదలిస్తే నా దగ్గర వేరే ఉన్నాయి. నేను అనంతగిరి ఘాట్‌రోడ్డు ఎక్కే రోజుల్లో, నన్ను అందుకోబోయి ఇంజన్లు మరిగిపోయిన లారీల డ్రైవర్లు నన్నే ఆపి, నా సీసాలో నీళ్లు అడిగి రేడియేటర్లో పోసుకునేవారు. ఒకసారి అదే ఘాట్ దిగుతూ రెండు చేతులూ వదిలేసి కిళ్లీ చుట్టుకున్నాను. ఎనిమిది మలుపులు తిరిగినా సున్నం చుక్క చొక్కా మీద పడలేదు. అంతటి ఘాట్‌ని అరచేతిలో గీతల్లా ఎరిగినవాణ్ణి, లోకనాథం ఈ ప్రశ్న అడిగిన మర్నాడు దాని మీద చూసినది మాత్రం నేనెన్నడూ ఎరగనిది.

లోకనాథం, భానోజీ ఇద్దరూ మాస్టారి శిష్యులే. ఇద్దరూ ఒకే కంపెనీ జట్టులో జీతానికి సైకిలు తొక్కుతున్నారు. జట్టుకి నాయకుడు ఒక్కడే. తక్కినవాళ్లు అతనికి గాలి తగలకుండా అడ్డం ఉండి తొక్కాలి, గెలుపు మాత్రం అతనిది. మూడేళ్లుగా ఆ నాయకుడు లోకనాథం, అడ్డం ఉండేవాడు భానోజీ. అలాంటిది ఆ నెలలో జరిగిన ఘాట్ పందెంలో ఆఖరి ఐదు కిలోమీటర్లు భానోజీ అందరినీ వదిలేసి ఎక్కిపోయాడు. నేను కళ్లారా చూశాను. వాడు పోయిన గాలికి రోడ్డు పక్క మిరియాల తీగలు చెట్లని విడిచి వాడి వెంట రాబోయాయి. పైన అధికారులు వాణ్ణి రెప్ప వెయ్యకుండా కాపలా కాసి, ఎదురుగా నిలబడి పరీక్షకి మూత్రం పట్టించుకున్నారు. ఏమీ దొరకలేదు.

దొరక్కపోవడమే లోకనాథానికి కంటి మీద కునుకు లేకుండా చేసింది. భానోజీ పందేల్లో నిషేధించిన బలం మందులు వాడుతున్నాడని జట్టు పెద్దలకి ఉత్తరం రాసుకొచ్చాడు. కింద మాస్టారు కూడా సంతకం పెట్టాలి. ఆయన సంతకం ఉన్న ఉత్తరాన్ని ఎవరూ పక్కన పడెయ్యరు. భానోజీ ఆ సాయంత్రానికి ఉద్యోగం పోయి ఇంటి దగ్గరుంటాడు, మళ్లీ ఏ జట్టూ పిలవదు. రుజువేమిటని నేనడిగాను. ఏడాదిలో వాడి తొడలు మారాయన్నాడు. విశాఖలో ఎవరో డాక్టరు దగ్గరికి తిరుగుతున్నాడన్నాడు. గదికి లోపల గడియ పెట్టుకుంటున్నాడన్నాడు. పెళ్లైనవాడు గడియ పెట్టుకోక ఏం చేస్తాడ్రా అంటే నవ్వలేదు.

"నవ్వులాట కాదు బాబాయ్. మూడేళ్లు నా ముందు గాలికి తొక్కినవాడు, నన్నొదిలేసి ఊరికే పోతాడేటి?"

నన్ను వదిలేసి పోయినవాడు భూమ్మీద పుట్టలేదు గనక ఆ బాధ నాకు తెలీదు. మాస్టారు ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్న ఏడింటికి ఘాట్ మొదట్లోకి సైకిలు తెమ్మన్నారు. అంతే.

మర్నాడు మాస్టారి చేతిలో ఒక తెల్ల సీసా ఉంది. దాని మీద పేరు లేదు, గుర్తు లేదు. జీతానికి తొక్కేవాళ్లకి సీసా దగ్గర మడి జాస్తి. తన చేత్తో నింపి, మూతకి తన రంగు టేపు చుట్టుకున్న సీసా తప్ప మరొకటి నోట పెట్టరు. కాసేపు కంటికి మరుగైతే తమ సీసానే పారబోసుకుంటారు. ఎవరో ఏదో కలిపినా శిక్ష తాగినవాడికే కదా. ఆ మడి మా అందరికీ నేర్పింది మాస్టారే. చెప్పకుండా దగ్గు మందు తాగారని ఇద్దరు కుర్రాళ్లని అదే రోజు వెళ్లగొట్టిన మనిషి. అటువంటి మనిషి ఆ తెల్ల సీసాని లోకనాథం సైకిలుకి తగిలించారు. అందులో ఏముందని లోకనాథం అడిగాడు.

"భానోజీ దగ్గర ఉందంటున్నావే, అది" అన్నారు మాస్టారు. "తాగమనడం లేదు. దగ్గర పెట్టుకుని ఎక్కు."

ఆయనకి అది ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఈ వయసులో ఇదేం పని అని అడగబోయాను. ఆయన అప్పటికే పైకి పోయే బస్సెక్కేశారు. లోకనాథం మాత్రం నవ్వాడు. తన టేపు చుట్టిన సీసా రెండో పక్కన ఉందనీ, ఇది వేలితో కూడా ముట్టననీ చెప్పి బయలుదేరాడు. నేను గడియారం మెళ్లో వేసుకుని స్కూటరు మీద వెనకాలే వెళ్లాను.

పది కిలోమీటర్ల దాకా బాగానే తొక్కాడు. అక్కణ్ణుంచి రోడ్డు నిటారుగా నిలబడుతుంది, అతని బలం ఎప్పుడూ అక్కడే కరిగిపోతుంది. భుజాలు ఊగడం మొదలెట్టాయి. తన సీసాలో నీళ్లు తాగాడు, సగం ఉమ్మేశాడు. తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఎందుకో నాకే తెలియకుండా స్కూటరు నెమ్మది చేసి ఒక మలుపు వెనక ఉండిపోయాను. మలుపు తిరిగేసరికి తెల్ల సీసా అతని నోటి దగ్గర ఉంది.

నా స్కూటరు దానంతటదే ఆగిపోయింది. మళ్లీ నడిపించుకునేసరికి మనిషి కనబడలేదు. నేను నాలుగో గేరులో, హారను కొట్టుకుంటూ, పులి తరిమినవాడిలా ఎక్కించాను. అయినా అతను ఒక మలుపు ముందే ఉన్నాడు. ఇరవై అయిదేళ్ల నన్ను ఆ వేళ అతని పక్కన నిలబెడితే, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఓ గజం వెనకబడేవాణ్ణి.

పైన కాఫీ కొట్టు ముందు పిట్టగోడ మీద మాస్టారు కూర్చుని ఉన్నారు. గడియారం చూపించాను. పందెంలో భానోజీకి పట్టినదాని కంటే పదకొండు సెకన్లు తక్కువ. లోకనాథం రెండు చేతులూ పైకెత్తాడు. ఎత్తినవి అలాగే ఆగిపోయి, మెల్లిగా కిందికి దిగాయి. దగ్గరికొచ్చి, కొట్టువాడికి వినబడకుండా, మాస్టారి చెవి దగ్గర వంగి అడిగాడు.

"ఇది ఒంట్లోంచి పోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, మాస్టారూ?"

తను ఏం తాగాడని అడగలేదు. తనచేత ఏం తాగించారని కూడా అడగలేదు. నలభై ఏళ్లు పందేలు చూసినవాణ్ణి, పళ్లూడేలా పడినవాళ్లని చూసినవాణ్ణి, అలాంటి ప్రశ్న మాత్రం ఎన్నడూ వినలేదు.

మాస్టారు సైకిలుకున్న తెల్ల సీసా తీసుకున్నారు. మిగిలినది గటగటా తాగేసి, మొహం చిట్లించి, కండువాతో మూతి తుడుచుకున్నారు. కాకరకాయ నీళ్లూ చిటికెడు ఉప్పూ అన్నారు. ఇంట్లో ఆవిడ షుగరుకి రోజూ పరగడుపున తాగుతుందట.

తర్వాత జేబులోంచి ఉత్తరం తీసి లోకనాథం చేతికిచ్చారు. ఆయన సంతకం చేయవలసిన చోటు ఖాళీగానే ఉంది. లోకనాథం గోడ మీద కూలబడ్డాడు. ఉత్తరం విప్పలేదు, చింపలేదు. మేమిద్దరం కాఫీ తాగాం. ఇంతకీ భానోజీ తీసుకున్నట్టా తీసుకోనట్టా, అదైనా చెప్పమన్నాడు.

మాస్టారు గ్లాసు కింద పెట్టి లేచారు.

"వాడి సంగతి నాకు తెలీదు" అన్నారు. "పొద్దుటిదాకా నీ సంగతీ తెలీదు."