అరిగిపోయిన స్టీరింగుకి పెరుగన్నం

మాడుగుల దగ్గర ఒక పల్లెలో నూకాలమ్మ కుటుంబం ఉండేది. వాళ్ళకి తమ తెలివి మీద చెప్పలేనంత నమ్మకం. పెద్దకొడుకు గౌరీశు మే నెల ఎండలో కూడా మంకీ టోపీ తియ్యడు, తెలివి ఆవిరైపోతుందేమోనని. చిన్నకొడుకు పైడిరాజు ఎవరేం చెబితే అచ్చం అదే చేస్తాడు, వీసమెత్తు తేడా రానివ్వడు. "మాటని మాటలాగే తీసుకోవాలమ్మా. సొంత అర్థాలు లాగేవాళ్ళే పాడైపోతారు" అంటాడు. "నా కడుపున ఇద్దరు ప్లీడర్లు పుట్టారు" అని మురిసిపోతుంది నూకాలమ్మ.

వాళ్ళ చెల్లెలు చిట్టెమ్మ చోడవరం ఆస్పత్రిలో మగపిల్లాణ్ణి కంది. మొగుడు ఒరిస్సాలో పనిలో ఉండి రాలేకపోయాడు. బుధవారం పొద్దున్న తల్లినీ బిడ్డనీ ఇంటికి పంపిస్తామన్నారు. మేనల్లుణ్ణి బస్సులో తేవడమేమిటి? నాన్న వదిలి వెళ్ళిన కారు లేదూ! పైడిరాజే దానికి డ్రైవరు.

కానీ దాని స్టీరింగు పగుళ్ళిచ్చి, జిగురెక్కి, పట్టుకుంటే చేతికి నల్లరంగు అంటుతోంది. ఆ చేత్తో ఎత్తుకుంటే పిల్లాడు నల్లబడిపోతాడేమోనని పైడిరాజుకి ఒకటే బెంగ. మంగళవారం మెకానిక్ సింహాద్రిని పిలుచుకొచ్చాడు.

సింహాద్రి చూశాడు. "ఇది పూర్తిగా అరిగిపోయింది రాజూ, మార్చాల్సిందే" అని కొత్త స్టీరింగు తెచ్చి చేతిలో పెట్టాడు. "నేను పెళ్ళికి వెళ్ళాలి, బస్సు టైమైపోయింది. పెద్ద పనేం కాదు, మీరే మార్చుకోండి. ముందు చక్రాలు తిన్నగా ఉండాలి. నట్టు విప్పి పాతది లాగండి. హారన్ వైరు జాగ్రత్త. కొత్తది పెట్టి నట్టు గట్టిగా బిగించండి." అని పరుగున వెళ్ళిపోయాడు.

"విన్నావా? అరిగిపోయిందట" అన్నాడు గౌరీశు. "ఎప్పుడు తిందో ఏమో! అరిగిపోయిందంటే ఇప్పుడు నకనకలాడుతున్నట్టే కదా."

నూకాలమ్మ గుండె కరిగిపోయింది. "అయ్యో నా తల్లీ! ఇరవై ఏళ్ళుగా మనింట్లో ఉంది, ఒక్కపూటైనా ఇంత ముద్ద పెట్టామట్రా?"

అంతే. పెరుగన్నం కలిపి తెచ్చి స్టీరింగుకి చుట్టూరా పట్టించింది. నంజుకోవడానికి ఆవకాయ బద్ద కూడా అంటించింది.

"అన్నయ్యా, చక్రాలు కూడా తిన్నగా ఉండాలన్నాడు" గుర్తుచేశాడు పైడిరాజు.

"అవునురా, తినే ఉండాలి. తినకపోతే రేపు చోడవరం దాకా ఏం పరిగెడతాయి?"

ఇంకేముంది, నాలుగు చక్రాల ముందూ నాలుగు విస్తళ్ళు వేసి వడ్డించారు. చూస్తూ ఉంటే చక్రాలు సిగ్గుపడతాయని లోపలికి వెళ్ళి కూర్చున్నారు. వచ్చి చూసేసరికి విస్తళ్ళు ఖాళీ. పక్కన వీధికుక్క మూతి నాక్కుంటోంది. "పాపం, అవి తిన్నంతసేపూ ఇది కాపలా కాసింది" అని దానికీ ఓ ముద్ద పెట్టారు.

తర్వాత నట్టు విప్పి పైడిరాజు స్టీరింగు పట్టుకుని లాగాడు. పెరుగన్నానికి చెయ్యి జారింది. మళ్ళీ లాగాడు. అది ఊడొచ్చింది, పైడిరాజు వెళ్ళి గౌరీశు మీద పడ్డాడు. హారన్ వైరు జాగ్రత్త అన్నాడు కదా, దాన్ని మొదలంటా పీకి, పసుపుగుడ్డలో చుట్టి, బియ్యం డబ్బా అడుగున జాగ్రత్త చేసింది నూకాలమ్మ.

ఇక కొత్తది పెట్టి నట్టు బిగించడం. పైడిరాజు రెండు వేళ్ళతో నట్టు తిప్పుతూ, "బిగుస్తోందీ!" అని కేకపెట్టాడు.

"ఇంకా గట్టిగా!" అన్నాడు గౌరీశు.

"బిగుస్తోందీ... ఈ... ఈ!"

పక్కింటి సోములమ్మ, ఇల్లేదో అంటుకుందనుకుని నీళ్ళ బిందెతో పరిగెత్తుకొచ్చింది. సంగతి విని, "నట్టు బిగించడానికి ఈ అరుపులేంటి నాయనా?" అంది.

"గట్టిగా బిగించమన్నాడు పిన్నీ. మెల్లగా బిగిస్తే ఊడిపోదూ?" అన్నాడు పైడిరాజు, గొంతు బొంగురుపోయి.

బుధవారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. హారన్ లేదు కాబట్టి గౌరీశు వెనక కిటికీలోంచి తల బయటపెట్టి "పాం పాం" అంటున్నాడు. మొదటి మలుపు రాగానే స్టీరింగు ఊడి పైడిరాజు ఒళ్ళో పడింది. "అన్నయ్యా, కాస్త పట్టుకో" అని వెనక్కి అందించాడు. గౌరీశు వెనక సీట్లో కూర్చుని దాన్ని ఎడమకి తిప్పాడు. కారు కుడివైపు చెరుకుతోటలోకి పోయి ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పైడిరాజుకి ఆస్పత్రి గుర్తొచ్చింది. అక్కడ చెల్లెలు పసిగుడ్డుని పట్టుకుని మెట్ల మీద ఎదురుచూస్తూ ఉంటుంది! ఏడుపొచ్చేసింది. అంతలో పెళ్ళి నుంచి తిరిగొస్తున్న సింహాద్రి బస్సులోంచి చూసి దిగాడు. జరిగింది విని తల పట్టుకున్నాడు. నోరెత్తితే ఏం కొంప మునుగుతుందోనని ఒక్క మాట కూడా మాట్లాడకుండా, పానాతో నట్టు బిగించి, కారు రోడ్డెక్కించి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆస్పత్రిలో పిల్లాడు పైడిరాజు వేలు పట్టుకుని వదల్లేదు. వాడికి ఏ ఆపదా రానివ్వకూడదనుకున్నాడు పైడిరాజు. నర్సమ్మ కారు దాకా వచ్చి చెప్పింది: "బాలింత, పసివాడూ ఉన్నారు. కారు ఎంత మెల్లగా పోతే అంత మంచిది."

పైడిరాజు బాగా ఆలోచించాడు. అసలు కదలకపోతే? అంతకంటే మెల్లగా ఏ కారూ పోలేదు!

అంతే. తాళం తిప్పలేదు. కొత్త స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, దారిలో మలుపులన్నీ గుర్తుచేసుకుంటూ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎంత సుఖంగా పోతోందిరా! ఒక్క కుదుపు లేదు" అంది నూకాలమ్మ. పిల్లాడు హాయిగా నిద్రపోయాడు.

రెండు గంటలయ్యాక పైడిరాజు ఆఖరి మలుపు తిప్పి, "ఇల్లొచ్చింది, దిగండి" అన్నాడు. అందరూ దిగారు. ఎదురుగా మూడంతస్తుల ఆస్పత్రి.

చిట్టెమ్మ కొడుకుని భుజాన వేసుకుని, నోరు తెరుచుకుని దానికేసి చూసింది. "మన ఊళ్ళో ఇంత ఆస్పత్రి ఎప్పుడు కట్టారమ్మా? తెలిస్తే పురిటికి అనవసరంగా చోడవరం దాకా పోయేదాన్ని కాదుగా!"