చుట్టాల సాళ్ళు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మా అవ్వకు వాళ్ళవ్వ చెబితే, ఆమె కూడా "నేను చూడలేదు, విన్నాను" అన్న కాలం. కొండకింద కొర్రలదిన్నె అనే ఊరు. ఆ ఊరి చేలకు కావలివాడు సుంకన్న.

సుంకన్నకు ఇల్లాలు లేదు, పిల్లలు లేరు. ఒక ముసలి గుర్రం ఉంది. ఒంటికన్నుదని బేరగాళ్ళు వదిలేసి పోతే తెచ్చి సాకాడు, బూడిద అని పేరు పెట్టాడు. చుక్క అనే కుక్క ఉంది. ఇక కొండమీంచి దిగొచ్చే వాళ్ళంటారా, వాళ్ళంతా అతనికి చుట్టాలే. అడవిపంది మామ, జింక కోడలు, నెమలి వదిన.

రోజూ పొద్దుగూకే వేళకు బూడిదనెక్కి, చుక్క ముందు నడవగా, చేలచుట్టూ మూడుసార్లు తిరిగేవాడు. కొండవైపు తిరిగి కేకేసేవాడు.

"చుట్టాల్లారా, మీ సాళ్ళు మీవి, మా చేను మాది!"

అడవివైపు మూడు సాళ్ళు వాటికోసమే విత్తించేవాడు. అవి దిగేవి, ఆ మూడు సాళ్ళూ తినేవి, వెళ్ళిపోయేవి. చేను జోలికి వచ్చేవి కావు. నెమలి పురివిప్పితే సుంకన్న గట్టుమీద కూర్చుని, అంబలి తాగుతూ చూసేవాడు. "వదినకు ఇయ్యాల సంబరంగా ఉన్నట్టుందే" అని చుక్కతో చెప్పేవాడు. ఏ రాజుకుందయ్యా అంత సుఖం?

ఒక ఏడు వానలు సరిగా పడలేదు. ఊరి పెద్దకాపు వీరప్ప విత్తనాలకే తడుముకుంటున్నాడు.

"ఈసారి చుట్టాలకు సాళ్ళు లేవురా సుంకా" అన్నాడు.

"మాటిచ్చినా గదప్పా వాటికి."

"ఇచ్చింది నువ్వు, ఊరు కాదు. చేన్లో ఒక్క సాలు తొక్కిన గుర్తు కనబడినా నీ గుర్రాన్నీ కుక్కనూ కొండవతలికి తోలేస్తా. ఆమీద నీ ఇష్టం."

వీరప్ప చెడ్డవాడు కాదు. ఇంటినిండా తినే నోళ్ళున్న మనిషి, భయపడ్డాడు. కానీ భయపడ్డ మనిషి ముందుగా బీదవాడి వాటానే కోస్తాడు, ఏం చేస్తాం.

కంకులు పాలుపోసుకున్నాయి. చుట్టాలు దిగొచ్చాయి. సాళ్ళు లేవు.

మొదటి వారం సుంకన్న తన కూలిగింజలు చేటలో పోసుకెళ్ళి గట్టు అవతల చల్లాడు. రెండో వారం అంబలికని దాచుకున్న పిండిగింజలు చల్లాడు. మూడో వారం కుండ అడుగు గీకి చల్లాడు. రోజూ అదే కేక. కేక మాత్రం సన్నబడుతూ వచ్చింది.

బూడిదకు ఉలవలు తగ్గలేదు. చుక్కకు సంగటిముద్ద తగ్గలేదు. తగ్గింది సుంకన్నే. గట్టుమీది చెంచలాకు ఉడకబెట్టుకుని, ఆ నీళ్ళు తాగి పడుకునేవాడు.

వారానికోసారి వీరప్ప వచ్చేవాడు. కావలివాడి బాగోగులు వాడి గుర్రం డొక్కలో తెలుస్తాయని ఆ ఊళ్ళో నమ్మకం. బూడిద డొక్క తడిమేవాడు. "నిండుగా ఉందే. నీకేం లోటురా సుంకా" అనేవాడు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ గుర్రాన్నే చూశాడు.

కోతలనాటి పొద్దున కొడవళ్ళతో వచ్చిన జనానికి చుక్క అరుపు వినబడింది. గట్టుమీద సుంకన్న పడుకుని ఉన్నాడు. లేపితే లేవలేదు. చేతిలో చేట, చేటలో గుప్పెడు గింజలు.

అతని చుట్టూ పంది అడుగులు, జింక గిట్టలు, నెమలి గోళ్ళ గుర్తులు. రాత్రంతా వచ్చిపోయినట్టున్నాయి. చేటలో గింజ ఒక్కటి ముట్టలేదు. చేన్లో కంకి ఒక్కటి విరగలేదు.

వీరప్ప గుడిసెలోకి వెళ్ళాడు. కుండ వంచి చూశాడు, పిడత వంచి చూశాడు, పొయ్యిమీది చట్టి చూశాడు. చట్టిలో ఆకులు.

"ఇన్నాళ్ళూ వీడేం తిన్నాడ్రా?" అన్నాడు.

"తిన్నావా అని ఒక్కరన్నా అడిగినారా? నేను అడగలేదు గదరా" అని అక్కడే కూలబడి ఏడ్చాడు పెద్దకాపు.

సుంకన్నను ఆ గట్టుకిందే పూడ్చారు. చేటలోని గింజలు దాచి, మరుసటేడు అడవివైపు మూడు సాళ్ళకు అవే విత్తారు. బూడిదనూ చుక్కనూ వీరప్పే కడదాకా సాకాడు.

ఇప్పటికీ ఆ కొండకింద అడవివైపు మూడు సాళ్ళ మీద కొడవలి పెట్టరు. కొత్తగింజ వండిన రోజు మొదటి విస్తరి కావలివాడికే. వాడి పేరేదైనా సరే, ఆ పూట వాడు సుంకన్నే. రైతు తన చేత్తో వడ్డించి, వాడి ముఖంలోకి చూసి అడుగుతాడు.

"కడుపు నిండిందా సుంకన్నా?"

ఒకసారి కాదు, మూడుసార్లు. నిండిందని వాడు చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు.