గాలికుంటు మందు మీద నిషేధం

ఒకానొక రాజ్యంలో కొమ్మభూపాలుడనే రాజు ఉండేవాడు. రాజ్యం పేరు చెప్పను, ఆ గౌరవం వాళ్లకి దక్కనక్కర్లేదు.

ఆయనకో పిచ్చి. వైద్యం కానీ వ్యవసాయం కానీ, ఎవరు ఏ కొత్త సంగతి కనిపెట్టినా తాటాకుల మీద రాయించి కోటలోని గ్రంథాలయానికి తెప్పించుకునేవాడు. పట్టుగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, రాజముద్ర వేసి తాళం బిగించేవాడు. పోనీ చదివేవాడా అంటే అదీ లేదు. పొరుగు రాజులు వస్తే పెట్టెలు చూపించి మీసం దువ్వేవాడు. రాసినవాడు సైతం తాను రాసింది మళ్లీ పైకి అనకూడదు.

ఒక ఏడు పశువులకి గాలికుంటు వచ్చింది. గిట్టలు పుళ్లుపడి, నోట చొంగ కారుతూ ఎడ్లు కూలబడ్డాయి. వానలు పడ్డాయి, అరక కట్టడానికి ఎడ్లు లేవు. అదను దాటితే ఆ ఏడు తిండి లేనట్టే.

దానికి మందుంది. మైలారయ్య అనే పశువైద్యుడు ఏళ్ల తరబడి పల్లెపల్లె తిరిగి, ఏది పనిచేసిందో ఏది చేయలేదో చూసి రాసిన గ్రంథం కోటలోనే ఉంది. ఆయన వెళ్లి రాజు కాళ్ల మీద పడ్డాడు. ఊరందరికీ తెలిసిపోయాక అది రాజుగారి విద్య ఎలా అవుతుందని కసిరి పంపించాడు రాజు.

మైలారయ్య తిన్నగా తిప్పన ఇంటికి పోయాడు. తిప్పన ఆస్థానంలో రాజుని నవ్వించేవాడు, అవసరమైతే ఏడిపించేవాడు కూడా.

"నా మందు పెట్టెలో పడుకుంది, ఎడ్లు కొట్టంలో పడుకున్నాయి. ఏం చేయమంటావు తిప్పనా?"

తిప్పన ఆయన్ని మజ్జిగ తాగి ఇంటికి పొమ్మన్నాడు.

మర్నాడు సభలో తిప్పన దిగాలుగా కూర్చున్నాడు. ఏమిటని రాజు అడిగాడు.

"తమ విద్యకి దొంగభయం పట్టుకుంది ప్రభూ. రైతులు కంగారులో దొరికిందల్లా గిట్టలకి రాస్తున్నారు. ఎవడో ఒకడు పొరపాటున సరిగ్గా తమ మందే రాశాడనుకోండి. తమ సొత్తు కాజేసినట్టే కదా."

రాజు ఉలిక్కిపడ్డాడు. ఆ మందు వాడినవాడికి శిక్ష తప్పదని అప్పటికప్పుడే దండోరా వేయించమన్నాడు.

"చిత్తం. కానీ దండోరాలో చెప్పని తప్పుకి శిక్ష వేయకూడదని తమ తాతగారు పెట్టిన కట్టడి. ఏ మందో చెప్పకపోతే, నాకేం తెలుసు దొరా, ఏదో నూనె రాశాను అని తప్పించుకుంటాడు."

"అయితే అంతా చెప్పించు. ఒక్క దినుసు కూడా వదలకు. ఎవడూ తప్పించుకోకూడదు."

శిక్ష కూడా తిప్పనే సూచించాడు. కొరడా దెబ్బలైతే వీపు మానగానే మరిచిపోతారట. తప్పుచేసినవాడు, నయమైన ఎద్దుని వెంటబెట్టుకుని రాజవీధిలో నడుస్తూ, ఇది కొమ్మభూపాల మహారాజు మందు అని గొంతెత్తి ఒప్పుకోవాలి. రాజుకి అది తెగ నచ్చింది.

సాయంత్రానికల్లా పల్లెల్లో డప్పు మోగింది.

"వినండహో. పటిక నీళ్లతో గిట్టలు కడగకూడదు. వేపనూనెలో పసుపు, వెల్లుల్లి కాచి పూటపూటకీ రాయకూడదు. నోట పుళ్లున్న ఎద్దుకి రాగిజావ పోయకూడదు. జబ్బు గొడ్డుని మందలోంచి తీసి విడిగా కట్టకూడదు. ఇది రాజాజ్ఞ."

ఒక రైతమ్మ గబగబా అడ్డం వచ్చింది. "పసుపు ఎంత వేయకూడదన్నావయ్యా?"

"గుప్పెడు వేయకూడదమ్మా" అన్నాడు డప్పువాడు.

అదను దాటకముందే దుక్కులు అయ్యాయి. ఆపైన రాజవీధి నిండిపోయింది. కొమ్ములకి పూలు చుట్టిన ఎడ్లు, వాటి వెనక రాజు పేరు అరుస్తున్న జనం. వాళ్ల మధ్యన మైలారయ్య గంటం పట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతూ నడుస్తున్నాడు. ఒక ఊళ్లో వానకి మందు నిలవక తేనెమైనం కలిపారట. అది ఆయన గ్రంథంలో లేదు. అక్కడే నిలబడి రాసుకున్నాడు.

రాజు మేడ మీంచి చూశాడు. సంగతి అప్పటికి బోధపడింది. పక్కనున్న తిప్పన వైపు తిరిగాడు.

"నేను దాచమన్నది నువ్వు ఊరూరా చాటావు."

"చాటమన్నది తమరే ప్రభూ. అయినా పెట్టెలో ఉన్నన్నాళ్లూ ఆ మందు తమదని తమకీ నాకీ తప్ప ఎవరికి తెలుసు? ఇవాళ ఎడ్లకి కూడా తెలుసు."

రాజు కళ్లెర్రజేసి చూశాడు. కింద జనం మళ్లీ ఆయన పేరు అరిచారు. పట్టాభిషేకం నాడు కూడా అంతమంది రాలేదు. బిగించిన మూతి మీసాల కింద వణికింది. ఆఖరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. మెళ్లో ముత్యాలహారం తీసి తిప్పనకి వేశాడు.

"గ్రంథాలయంలో ఇంకా చాలా పెట్టెలున్నాయి తిప్పనా" అన్నాడు. "రేపటినుంచి వరసగా అన్నిటినీ నిషేధించు."