పన్నెండు గింజల తల్లి

ఎర్రమెట్టపల్లి దాటి కంది చేల గట్ల మీదుగా కొంత దూరం నడిచిన భక్తులకు ఒక చిన్న గుట్ట ఎదురవుతుంది. దాని మీద గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నాలుగు రాతి కంబాల మీద బండ కప్పు, ఆ నీడలో పసుపు పూసిన మోకాలెత్తు శిల. ఈ అమ్మనే చుట్టుపక్కల ఊళ్ళవారు పన్నెండు గింజల తల్లిగా కొలుస్తారు. ఆ పేరు వచ్చిన వైనాన్ని పెద్దలు ఈ విధంగా చెబుతారు.

పూర్వం ఇక్కడ తుల్జవ్వ అనే రైతు ఇల్లాలు ఉండేది. భర్త కాలం చేసిన తరువాత కొడుకు సంగప్పతో కలిసి ఆమే సేద్యం సాగించేది. ఆ కాలంలో ఎక్కడినుండో వచ్చిన ఒక తెల్లజొన్న ఊరివారి మనసు దోచుకుంది. కంకి మూరెడు, గింజ ముత్యమంత. నాలుగేళ్ళు తిరిగేసరికి ఊరి చేలన్నీ తెల్లజొన్న చేలయ్యాయి. కొర్ర, సామ, అరిక, అనుము వంటి పాత పంటలను తలచినవారు లేరు. తుల్జవ్వ కూడా అందరి దారినే నడిచింది.

ఒకనాటి మధ్యాహ్నం ఆమె కలుపు తీసి అలసి ఈ గుట్ట నీడన నడుము వాల్చింది. కలలో ఒక పెద్ద ముత్తైదువ చంకన గంపతో వచ్చి ఎదుట నిలిచింది. "నా గంపల పదమూడు తీర్ల గింజలుండె, తుల్జా. ఇప్పుడు చూడు, అడుగు కనబడుతున్నది. ఏరి తెచ్చి దాచిపెట్టు" అని చెప్పి, ఇప్పుడు శిల ఉన్న చోటనే కనుమరుగైంది.

మరునాటినుండి తుల్జవ్వ ఇల్లిల్లూ తిరిగింది. దూలాలకు వేలాడే సొరకాయ బుర్రలలో, ముసలవ్వల మూటలలో, మూసిన పాతరల అడుగున మిగిలిన గింజలను దోసిళ్ళతో తెచ్చుకుంది. ఊరి పెద్ద బసప్ప పటేలు నవ్వి, "ఏం తుల్జవ్వా, పిచ్చుకలను సాదుతవా?" అని అడిగాడు. "అమ్మ అడిగింది, పటేలా" అని మాత్రం ఆమె చెప్పింది. పదమూడు చిన్న కుండలలో గింజలు పోసి, బూడిద కలిపి, వేపాకు కప్పి, మూతులకు మట్టి మెత్తింది.

ఆ మరుసటి ఏడు తెల్లజొన్న కంకులు పాలు పోసుకునే వేళకు కాటుక తెగులు తగిలింది. కంకిని చేత పట్టి దులిపితే గింజకు మారుగా నల్లని పొడి రాలింది. ఊరంతటికీ ఒకటే పంట కనుక ఊరంతటికీ ఒకేసారి గాదెలు వట్టిపోయాయి. మాఘం నాటికి జనం ఆకులలములు ఉడికించుకున్నారు. చైత్రంలో సంగప్ప భార్య నీలమ్మ ఆడపిల్లను కన్నది. బాలింత ఒంట్లో సత్తువ లేదు, పాలు పడలేదు. మూడవ నాటికి బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా పోయింది.

"అవ్వా, కుండలల్ల గింజలున్నయి కదా" అన్నాడు సంగప్ప, తల్లి ముఖం చూడలేక.

తుల్జవ్వ చాలాసేపు ఆ కుండల ముందు కూర్చున్నది. వాటిలో మామూలు సామ కాక పాలసామ అనే వేరే తీరు ఒకటుండేది. దాని జావ తాగితే బాలింతలకు పాలు పడతాయని తన అత్త చెప్పగా విన్నది. అదే కుండ మూత పగలగొట్టింది. పిడికెడు విత్తనానికి ఉంచాలనుకున్నది. తొలి రెండు రోజులూ ఉంచింది కూడా. మూడవనాడు తల్లి రొమ్మున బిడ్డ గుటకలు వేయడం చూసి, ఆ పిడికెడూ ఎసట్లో పోసింది. బిడ్డ బతికింది.

మృగశిర కార్తెకు తొలకరి పడింది. ఊరివారు చేను దున్ని విత్తు లేక నిలుచున్నారు. తుల్జవ్వ తక్కిన పన్నెండు కుండలు గుట్టకు మోసి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క తీరు గింజ పంచింది. పటేలు చేతికి సామలు వచ్చాయి. అతడు తలపాగా తీసి కొంగులా పట్టాడు. శ్రావణం చివరకు సామ కోతకొచ్చింది, ఆపైన కొర్ర, ఆపైన అనుము, చలికాలాన కంది. ఒకరి చేను ఎండిన నాడు ఇంకొకరి చేను ఆదుకున్నది.

అందరూ దండాలు పెడుతున్నా తుల్జవ్వకు ముద్ద దిగలేదు. పాలసామ కుండ తెచ్చి అమ్మ కనుమరుగైన చోట బోర్లించి, "ఒకటి పోగొట్టిన, తల్లీ" అని ఏడ్చింది. ఆ తెల్లవారుజామున అమ్మ మళ్ళీ కలలో కనిపించి, "నీ గడపల లేనిది ఇంకో గడపల ఉంటది. అడుగుతూ ఉండుమని నీ వాళ్ళకు చెప్పు" అన్నది.

నేటికీ మృగశిరకు ముందటి ఆదివారం ఇక్కడ జాతర జరుగుతుంది. కానుకల హుండీ లేదు. తమ ఇంటి విత్తనం దోసెడు సమర్పించి, మరొక ఇంటి విత్తనం దోసెడు ప్రసాదంగా తీసుకుపోవడమే మొక్కు. అలా చేసిన ఇంట పొయ్యి ఆరదని, బాలింతలకు పాలు కొరవడవని నమ్మకం. దూరప్రాంతాల భక్తులు తమ వైపు సామలు మూటగట్టి తెచ్చి, "పాలసామ ఇదేనా అవ్వా, చూడు" అని పూజారిణి చేతిలో పెడతారు. ఆమె తుల్జవ్వ మనుమరాలి వంశంలోనిది. ఆ గింజను గుట్ట కింది మడిలో చల్లి, వెన్ను వచ్చాక తెంపి, నలిపి, నోట వేసుకొని చూస్తుంది. ప్రతి ఏడూ ఆమె చెప్పే మాట ఒక్కటే.

"ఇది కాదు బిడ్డా. అయినా మంచి గింజనే, ఉండనీ."

అలా ఉండిపోయిన గింజలతో శిల వెనుక ఇప్పుడు నలభై ఒక్క కుండలున్నాయి.