జక్రయ్య చేసిన జిగ్గు

పిల్లలూ, మీరు కాలిన ఇనుము వాసన ఎరగకుండా పెరుగుతున్నారు. మన ఊళ్ళవైపు ఇంటి వెనక నాలుగు రేకులు కప్పుకుని వెల్డింగ్ చేసుకునేవాళ్ళ కథలు మీకు ఎవరూ చెప్పి ఉండరు. నేనైనా ముందే చెప్పాల్సింది. ఆలస్యమైంది. వినండి.

చీరాలలో జక్రయ్య అనే మనిషి ఉండేవాడు. నలభై దాటాక ఈ పని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే బస్సెక్కి బాపట్లలో మొహిద్దీన్ ఉస్తాద్ ఇంటికి వెళ్ళేవాడు. ఉస్తాద్‌కి పెద్ద దుకాణమేమీ లేదు, ఇంటి వెనక షెడ్డే. అక్కడ మూడేళ్ళుగా బడి బెంచీల చట్రాలు చేస్తున్నాడు జక్రయ్య. సాయంత్రం ఇల్లు చేరేసరికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుండేది. నడుము వంగేది కాదు.

"మెషీను మనింట్లోనూ ఉందిగా. ఇక్కడే పని ఒప్పుకోకూడదా?" అని భార్య సుగుణమ్మ అడిగేది.

"ఉస్తాద్ చెప్పాలి."

"ఎప్పుడు చెబుతాడాయన? మీరు కర్ర పట్టుకుని నడిచే వయసొచ్చాకా?"

జక్రయ్య కళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయేవాడు.

ఉస్తాద్‌ది ఒక పద్ధతి. సొంతంగా పని చేసుకోవాలనుకున్నవాడు తన జిగ్గు తానే తయారుచేసి తేవాలి. జిగ్గంటే వెల్డింగ్ వేసేటప్పుడు ముక్కలు కదలకుండా, మూలలు తిరగకుండా పట్టి ఉంచేది. ఉస్తాద్ అందులో స్వయంగా ఒక చట్రం అతికి చూస్తాడు. ఆయన ఊ అంటే శిష్యుడు ఇంటికి పోవచ్చు. అనకపోతే మళ్ళీ బస్సే.

జక్రయ్య నాలుగు ఆదివారాలు చర్చి నుంచి రాగానే తనింటి వెనక షెడ్డులో కూర్చుని జిగ్గు చేశాడు. మందపాటి ఇనుప ప్లేటు తీసుకున్నాడు. చట్రానికి బయట నాలుగు మూలలా నాలుగు దిమ్మెలు, లోపల ఎదురెదురు మూలల్లో మరో రెండు గట్టిగా అతికాడు. ప్రతి దిమ్మెనూ మూలమట్టం పెట్టి మూడేసి సార్లు చూసుకున్నాడు. కోసిన పైపులు అందులో పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. వెంట్రుక దూరే సందు లేదు. వంకర చట్రం ఇంక తన చేతిలోంచి రాదనుకున్నాడు. అలసటలోనూ ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

సోమవారం దాన్ని గోనెసంచిలో చుట్టి ఉస్తాద్ ముందు దించాడు.

ఉస్తాద్ చుట్టూ తిరిగి చూశాడు. "రైలు వంతెన కట్టినట్టున్నావే."

"కదలకూడదు కదా ఉస్తాద్."

"కదలదులే."

ఉస్తాద్ నాలుగు పైపులు అందులో అమర్చి, మొహానికి అద్దం అడ్డం పెట్టుకుని, నాలుగు మూలలా వెల్డింగ్ వేశాడు. తర్వాత పీట లాక్కుని కూర్చున్నాడు. ఇనుము ఎరుపు తగ్గి మెల్లగా బూడిదరంగుకొచ్చింది. ఈలోగా ఇద్దరూ టీ తాగారు. పూర్తిగా చల్లారాక ఉస్తాద్ మూలమట్టం పెట్టి చూశాడు. నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయి.

"తియ్యి," అన్నాడు.

జక్రయ్య చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని లేపాడు. దాంతోపాటు జిగ్గూ లేచింది. ప్లేటుని కాలితో తొక్కిపట్టి లాగాడు. కింది నుంచి సుత్తితో కొట్టాడు. చల్లారుతూ ముడుచుకున్న పైపులు లోపలి దిమ్మెలను కరుచుకుపోయాయి. అరగంట పెనుగులాడాడు. చొక్కా తడిసిపోయింది. ఉస్తాద్ పీట మీంచి లేవలేదు.

"నిన్న ఎన్నిసార్లో పెట్టి తీశాను ఉస్తాద్. ఇట్టే వచ్చింది."

"నిన్న చల్లటివి పెట్టి తీశావు."

జక్రయ్య నేలమీద కూలబడ్డాడు. ఇంకో ఏడాది బస్సు ప్రయాణం అతని కళ్ళముందు కదిలింది. సుగుణమ్మకి ఏం చెప్పాలో తోచలేదు.

ఉస్తాద్ లేచి ఇనుము కోసే గ్రైండర్ తెచ్చి అతని పక్కన పెట్టాడు.

"రెంట్లో ఏదో ఒకటి కొయ్యి."

చట్రం కోస్తే జిగ్గు మిగులుతుంది, నాలుగు ఆదివారాల పని. జిగ్గు కోస్తే చట్రం మిగులుతుంది. జక్రయ్య గ్రైండర్ ఎత్తి ముందు చట్రం దగ్గర పెట్టాడు, మళ్ళీ వెనక్కి తీశాడు. చివరికి లోపలి దిమ్మె ఒకదాన్ని మొదలంటా కోసేశాడు. చట్రం చిన్నగా చప్పుడు చేసి, దానంతటదే వదులైంది.

ఉస్తాద్ దాన్ని ఎత్తి మూల నుంచి మూలకి టేపు పట్టి కొలిచాడు. "బాగానే ఉంది. పిల్లలు కూర్చోవచ్చు."

"ఎంత సందు వదలాల్సింది ఉస్తాద్?"

"నన్నడిగితే ఏం లాభం? ఇనుమునడుగు. ఒకటి అతికి, చల్లారనిచ్చి, అప్పుడడుగు."

జక్రయ్య తల ఊపాడు. "ఆ దిమ్మెని బోల్టుతో బిగిస్తాను. పనయ్యాక ఊడదీసేలా చేస్తాను. వచ్చే సోమవారం తెస్తాను, మళ్ళీ చూద్దురుగాని."

"తేవద్దు."

జక్రయ్య తలెత్తి చూశాడు.

"ఇంత బరువు మోసుకుని తిరగడమెందుకు? ఇంటిదగ్గరే వాడుకో," అని ఉస్తాద్ తన పైపుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

జక్రయ్య జిగ్గును గోనెలో చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర కాసేపు ఆగాడు. ఉస్తాద్ వెనక్కి తిరగలేదు. బస్సు చీరాల ముందరి ఈపూరుపాలెం దాటాక గానీ అతనికి కళ్ళనీళ్ళు రాలేదు.

పిల్లలూ, ఇంతే. మీరు ఏ ఊళ్ళో ఉన్నా సరే, చేతులు నొప్పెట్టేలా దేన్నైనా పట్టుకు కూర్చున్న మనిషి కనిపిస్తే ఈ కథ చెప్పండి. ఆ మనిషి నేనే అయితే, నాకూ చెప్పండి.