వంకర మెలిక

కంచువీడు ప్రభువు వీరభూపాలుడు ఓ పొద్దున పల్లకీలో సంతవీధి మూల తిరుగుతుంటే, మేడమీంచి ఎవరో విసిరిన అరటితొక్క వచ్చి సరిగ్గా కిరీటం మీద కూర్చుంది. ఆ మూలన చెత్త ఎంతుందంటే, దాని మీదెక్కి చందమామకి బొట్టు పెట్టొచ్చు.

"ఈ మూలకి గోడ కట్టి మూసేయండి!" అని గర్జించాడు రాజు.

వెనక వింజామర వీస్తున్న ముత్తేలు గబుక్కున పల్లకీ ముందుకొచ్చింది. వాళ్ళమ్మ పూలమ్ముకునేది ఆ మూలనే. ఊళ్ళో ఆవిడకి ఇంకో జానెడు జాగా లేదు.

"ప్రభూ, గోడ కడితే చెత్త గోడకి ఇవతలకొస్తుంది. నాకు పున్నమిదాకా గడువివ్వండి, పదిమందీ కూర్చునే చోటు చేసి చూపిస్తాను."

స్థపతి మార్తాండుడు పకపకా నవ్వాడు. ఈయన మీసం దువ్వితే ఆ గాలికి పొరుగూరి దీపాలారిపోయేవి.

"వింజామర పట్టే చేతికి శిల్పం దేనికమ్మా? ముందు నేను చేస్తాను ప్రభూ!"

రాజుగారి పాలరాతి విగ్రహం నిలబెట్టి, చుట్టూ ఈటెల కంచె వేశాడు. తెల్లారేసరికి ఈటెల మీద ఊరి బట్టలన్నీ ఆరుతున్నాయి. రాతి రాజుగారు మోకాలిలోతు చెత్తలో ఉన్నారు.

"ముత్తేలూ, ఇక నీ వంతు. కుదరకపోతే గోడే!" అన్నాడు రాజు పళ్ళు నూరుతూ.

ముత్తేలు విగ్రహాన్నీ చెత్తనీ తీయించింది. మట్టి అరుగులు పోయించి, ఎర్రమట్టితో అలికి, సున్నంతో అంచులు దిద్దింది. నడుమ ఏనుగు పడుకునేంత చుక్కల ముగ్గు వేసింది. ఒక్క మెలిక మాత్రం కావాలనే వంకరగా తిప్పింది.

వాళ్ళమ్మ నెత్తి బాదుకుంది. "నడివీధిలో తప్పు ముగ్గేంటే, నా పరువు తీయడానికి!"

"ఊరుకో అమ్మా. ఒప్పు ముగ్గైతే చూసి పోతారు. తప్పు ముగ్గైతే ఆగుతారు."

ఆగారు! పెరుగమ్మే మంగాయి కుండ దించి, "ఇదేం మెలిక, నా తలకాయ!" అంటూ తుడిపేసి కొత్తది వేసింది. మర్నాడు గానుగవీధి ఆవిడకి మంగాయి ముగ్గు నచ్చలేదు. ముగ్గు వెయ్యాలంటే ఊడ్చి కళ్ళాపి చల్లాలి కదా! పోటీపడి ఎంత ఊడ్చారంటే, నేల జానెడు కిందికి దిగింది. తీర్పు చెప్పడానికి మగాళ్ళు అరుగులెక్కారు. మేడమీంచి తొక్క విసరబోయిన చెయ్యి, ఆడవాళ్ళ తిట్లకి అలాగే గాల్లో బిగుసుకుపోయింది.

పున్నమి పొద్దున ముత్తేలు మళ్ళీ తన వంకర ముగ్గే వేసింది. రాజు వచ్చాడు. వెంట మార్తాండుడూ వచ్చాడు.

"పిండి గీతలూ ఒక పనేనా ప్రభూ! నేనైతే చేత్తో ముట్టను."

"ముట్టకండి బాబుగారూ. ఆ మూల మెలిక తప్పు, దాన్నలాగే ఉండనివ్వండి."

మార్తాండుడు అటు చూశాడు. మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు. వేళ్ళు దురద పెట్టాయి, మీసం వణికింది. రాజు ఏదో అడిగితే వినపడలేదు.

"అబ్బబ్బ, అది ఎడమకి తిరగాలి!" అంటూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మెలిక మీది ఎండుటాకుల్ని జరీ ఉత్తరీయంతో ఊడ్చి, పిండి తీసుకుని దిద్దేశాడు.

ముత్తేలు చేతులు కట్టుకుంది.

"చూశారా ప్రభూ, కంచె కట్టిన ఆయనే ఊడ్చిపెట్టారు!"

రాజు విరగబడి నవ్వాడు. ముత్యాల హారం తీసి ముత్తేలు మెడలో వేశాడు. "ఈ మూల ఎప్పటికీ మీ అమ్మదే!" అంటూ ఇంకా నవ్వుతుంటే, కిరీటం జారి ముగ్గులో పడబోయింది.

"ముగ్గు జాగ్రత్తయ్యా!" అని కసిరింది మంగాయి.

రాజు కిరీటాన్ని గాల్లోనే పట్టుకుని, బుద్ధిగా అరుగు మీద కూర్చున్నాడు.