ఆకలి లేదన్న మూడువందల మంది

అనగనగా, మన తాతలకు తాతలు ఇంకా ఉయ్యాల కూడా ఎక్కని రోజుల్లో, కల్వకోన అని ఒక రాజ్యం, మొగలిపురం అని ఇంకో రాజ్యం పక్కపక్కనే ఉండేవి. రెండింటి నడుమ గొర్రెగుట్ట అని ఒక గుట్ట ఉండేది. పేరు చూసి అక్కడ మందలు మేస్తాయనుకునేరు! నాలుగు గొర్రెలు ఎక్కితే అయిదోదానికి గడ్డి చాలని గుట్ట అది. అయినా "మాది" అంటే "కాదు, మాది" అంటూ ఇద్దరు రాజులూ దానికోసం మూడేళ్ళు యుద్ధం చేశారు.

కల్వకోన దండులో మాచన అని ఒక వంటవాడు ఉండేవాడు. మనిషి పిరికివాడు. ఆ సంగతి దాచుకునేవాడు కూడా కాదు. "కత్తి చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి నాయనా, గరిటె చేతిలో ఉంటేనే ధైర్యం" అనేవాడు. కానీ దండులో ఎవరి నాలుకకు ఏది హితవో అతనికి తెలిసినట్టు వాళ్ళ తల్లులకు కూడా తెలియదేమో. ముసలి బంటు గవరయ్యకు అడుగంటిన మాడుచెక్క కావాలి. సిరిగిరి వంకాయ ముట్టడు. పుల్లప్పకు పచ్చిమిరపకాయ లేనిదే ముద్ద దిగదు. మాచన అన్నీ గుర్తుపెట్టుకుని వడ్డించేవాడు.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉంది. పూర్వం ఒక రాజు సైన్యాన్ని పస్తులతో యుద్ధానికి తోలి, చిత్తుగా ఓడి, బుద్ధి తెచ్చుకుని పెట్టిన కట్టుబాటు అది. యుద్ధానికి వెళ్ళే ప్రతి బంటుకూ రాజుగారి పేరు చెప్పి ఒక ముద్ద పెట్టాలి. ఆ రాజుముద్ద కడుపులో పడందే ఎవడూ ఆయుధం పట్టకూడదు. రాజు ఆజ్ఞ అయినా సరే, ముద్ద తరువాతే.

మాచన రోజూ పొద్దున్నే మోదుగాకులతో విస్తళ్ళు కుట్టేవాడు. యుద్ధం మొదలైన ఏడాది రోజుకు అయిదువందలు కుట్టేవాడు. ఇప్పుడు మూడువందలు కుడుతున్నాడు. సాయంత్రం అన్నాల వేళ ఎన్ని విస్తళ్ళు మిగిలితే అంతమంది ఇక రారని లెక్క. ఆ మిగిలిన ఆకుల్ని పొయ్యిలో పెట్టడానికి అతనికి చేతులు వచ్చేవి కావు.

ఒకనాడు సూర్యుడు పొడుస్తూనే రాజధాని నుంచి ఒక దూత గుర్రం మీద వచ్చాడు. సేనాపతి గండమనాయకుడికి లేఖ ఇచ్చి, దాహంతో వంటశాలకు వచ్చి, మాచన పోసిన అంబలి గటగట తాగాడు. మూతి తుడుచుకుంటూ, ఆనందం పట్టలేక చెప్పేశాడు.

"మాచన్నా, యుద్ధం అయిపోయింది! రాజులిద్దరూ రాత్రే సంధికి ఒప్పుకున్నారు. గుట్ట మీకూ వద్దు, మాకూ వద్దు, గొర్రెల కాపరులకు వదిలేద్దాం అనుకున్నారు."

"నీ నోట్లో చక్కెర పొయ్య! మరి శంఖం ఊదలేదేం?"

"మంచి వేళ కావద్దూ? ఇవాళ పొద్దుటంతా వర్జ్యం, దాని వెనకే దుర్ముహూర్తం. మూడేళ్ళుగా దేనికీ పొసగని రెండు రాజ్యాల జోస్యులకూ ఈ ఒక్క మాట దగ్గర పొసిగింది. సూర్యుడు నడినెత్తికి వచ్చాక శాంతిశంఖం ఊదుతారు. అంతదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు మీ సేనాపతి. నా పేరు బయటపెట్టకు సుమా!"

దూత గుట్టకు ఉత్తరాన ఉన్న కల్వకోన దండుకు వార్త మోసుకుంటూ పోయాడు. మాచన తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు. ఇవాళ్టి విస్తళ్ళు ఒక్కటి కూడా మిగలవనుకున్నాడు. పెట్టిన దణ్ణం దించాడో లేదో, వెనకనుంచి సేనాపతి గొంతు వినిపించింది.

"మాచనా! తొందరగా ముద్దలు కానివ్వు. ఎండ ముదరకముందే గుట్ట ఎక్కాలి."

గండమనాయకుడు దుర్మార్గుడేమీ కాదు. మూడేళ్ళు బంటులతోపాటు నేలమీద పడుకున్నవాడే. కానీ గుట్ట మీద మొగలిపురం వాళ్ళే పాతుకుపోయారు, మూడేళ్ళలో ఒక్కనాడూ అతని జెండా అక్కడ నిలవలేదు. శంఖం ఊదేవేళకు జెండా పైన ఎగురుతూ ఉంటే చాలు, గెలిచినవాడు గండమనాయకుడని శాసనం చెక్కుతారు. పొద్దున ఎక్కిన గుట్ట మధ్యాహ్నానికే దిగిపోవాలని లేఖలో ఉంది. ఆ వాక్యం అతని కంటికి ఆనలేదు. పేరు మీద మోజు పడ్డవాడికి పక్కనున్న ప్రాణం కనపడదు.

తెల్లవారింది మొదలు మిట్టమధ్యాహ్నానికి పదిహేను గడియలు. ఈ పదిహేను గడియలూ గడిపితే మూడువందల మంది బతుకుతారు. ఎట్లా? ఎదురుచెబితే తల పోతుంది. మాచనకు ఉన్నది ఒకటే తల, అదీ పిరికి తల. ఆ తలతోనే ఆలోచించాడు.

ఎవరూ చూడకుండా రెండు కడవల నీళ్ళు తెచ్చి కట్టెలమీద కుమ్మరించాడు. పొయ్యి అంటుకోదు. పొగ తప్ప మంట లేదు. ఊది ఊది మాచన కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"ఇంకా కాలేదా?" అని సేనాపతి వచ్చి గర్జించాడు.

"మంచుకు కట్టెలు తడిశాయి దొరా. ఉడకని సంకటి పెడితే బంటులు గుట్ట ఎక్కరు, చెట్ల చాటుకు పరిగెడతారు" అన్నాడు మాచన. బంటులు గొల్లుమన్నారు. ఆ సంకటి ఉడికేసరికి ఆరు గడియలు గడిచాయి.

ముద్దలు చేసి వెదురుతట్టల్లో పేర్చారు. బంటులు వరసగా కూర్చున్నారు. మాచన తట్టల చాటుకు పోయి గుప్పెడు మెతుకులు విసిరి, గొంతు మార్చి "కావ్, కావ్" అన్నాడు. కాకులకు పిలుపు ఒక్కసారి చాలు కదా! చుట్టుపక్కల కాకులన్నీ పెళ్ళివారిలా దిగి తలా ఒక ముద్ద పొడిచాయి.

"అయ్యో, అయ్యో! కాకి ముట్టిన ముద్ద రాజుగారి పేరున ఎట్లా పెట్టేది దొరా? అరిష్టం కాదూ?" అని మాచన నెత్తి కొట్టుకున్నాడు.

గండమనాయకుడు పళ్ళు నూరాడు. కట్టుబాటు కట్టుబాటే. మళ్ళీ పొయ్యి వెలిగింది. ఇంకో అయిదు గడియలు గడిచాయి.

పొద్దు పైకి వచ్చేసింది, కానీ నడినెత్తికి ఇంకా నాలుగు గడియలుంది. ఈసారి సంకటి సిద్ధం కాగానే సేనాపతి కత్తి దూసి గుండిగ పక్కనే నిలబడ్డాడు. వంటకు ఎండుకట్టెలు ముందే తనే ఏరి తెప్పించాడు. కాకుల్ని తోలడానికి నలుగుర్ని పెట్టాడు. మాచన దగ్గర ఎత్తులన్నీ అయిపోయాయి.

"పెట్టు" అన్నాడు సేనాపతి.

మాచన ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. వరసలో మొదటివాడు గవరయ్య. పొద్దుటినుంచి పస్తున్నవాడు, ఆశగా నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు చూసేసరికి మాచనకు దుఃఖం పొంగుకొచ్చింది. ముద్ద మళ్ళీ గుండిగలో వేసేశాడు. కాళ్ళు వణుకుతున్నాయి. వణుకుతూనే గొంతెత్తాడు.

"నాయనలారా! నేను పొద్దుటినుంచి మీకు అబద్ధాలు చెబుతున్నాను. కట్టెలు మంచుకు తడవలేదు, నేను తడిపాను. కాకులు వాటంతట అవి రాలేదు, నేను పిలిచాను. ఇవాళ మధ్యాహ్నం యుద్ధం అయిపోతోంది. సంధి లేఖ సేనాపతిగారి నడికట్టులో ఉంది. ఇప్పుడు గెలిచినా ఆ గుట్ట మధ్యాహ్నానికి దిగిపోవాల్సిందే. ఇక మీ ఇష్టం."

"నోరు ముయ్యి!" అని గండమనాయకుడు కత్తి మాచన మెడమీద పెట్టాడు. "శాంతికి వేళ కాలేదు. వేళ అయ్యేదాకా యుద్ధం యుద్ధమే!"

మాచన కళ్ళు మూసుకున్నాడు. అయినా మాట ఆగలేదు. "వర్జ్యమని శాంతికి పనికిరాని వేళ, చావుకు ఎట్లా పనికొచ్చింది దొరా?"

గండమనాయకుడు కత్తి దించి, మాచనను పక్కకు నెట్టి, గుండిగలోంచి తనే ఒక ముద్ద తీశాడు. "రాజుగారి పేరు చెప్పి నేనే పెడతాను. గవరయ్యా, నోరు తెరువు!"

గవరయ్య ముద్దవంక చూశాడు. మాచనవంక చూశాడు. ముప్ఫై యుద్ధాలు చేసిన మనిషి, ఒక్కనాడూ వెనకడుగు వెయ్యలేదు. చేతులు కట్టుకుని మెల్లగా అన్నాడు.

"ఆకలి లేదు దొరా."

అతని కడుపు మాత్రం ఆ క్షణాన్నే గుర్రుమని అరిచింది. నలుగురికీ వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

సేనాపతి సిరిగిరి దగ్గరకు వెళ్ళాడు. "నాకూ ఆకలి లేదు దొరా" అన్నాడు సిరిగిరి. పుల్లప్ప దగ్గరకు వెళ్ళాడు. "పొద్దున్నే గాలి మేశాను దొరా, కడుపు నిండిపోయింది" అన్నాడు పుల్లప్ప. ఒకడి తరువాత ఒకడు, వరస చివరిదాకా, మూడువందల మందీ అదే మాట. ముద్ద తినందే ఆయుధం పట్టకూడదు, అది రాజు పెట్టిన కట్టుబాటు. ఆకలి లేనివాడి నోట్లో ముద్ద కుక్కమని ఏ కట్టుబాటులోనూ లేదు.

వండినది తినకపోతే మాచన రెండు రోజులు అలిగేవాడు. ఆ రోజు మాత్రం "లేదు" అన్న ప్రతివాడికీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. కళ్ళ నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు.

గండమనాయకుడు ముద్ద చేతిలో పట్టుకుని ఎండలో అలాగే నిలబడిపోయాడు. మెల్లమెల్లగా నీడలు కాళ్ళకిందికి వచ్చాయి. అప్పుడు దూరంగా శంఖం మోగింది.

శంఖం వింటూనే గుట్టమీదినుంచి మొగలిపురం బంటులు చేతులు ఊపుకుంటూ దిగివచ్చారు. వాళ్ళలో ఒక నెరిసిన మీసాలాయన గవరయ్య ముందు ఆగాడు.

"ఏమయ్యా, ఇవాళ వస్తారని తెల్లవారినప్పటినుంచీ కాచుకుని ఉన్నాం. దారి పొడవునా బండరాళ్ళు పేర్చాం. ఒక్క తాడు కోస్తే చాలు, మీలో ఒక్కడూ కిందికి ప్రాణంతో పోయేవాడు కాదు. రాలేదేం?"

"మా వంటవాడు ముద్ద పెట్టలేదు" అన్నాడు గవరయ్య.

ఆ ముసలాయన మాచన దగ్గరకు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ పుణ్యమా అని వాళ్ళు బతికారు. నీ పుణ్యమా అని మేం ఆ తాడు కొయ్యలేదు. నా చేతులకు ఆ పాపం అంటకుండా చేశావు, తమ్ముడూ" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంతలో గుట్టకు ఉత్తరం వైపునుంచి కబురు వచ్చింది. అక్కడి కల్వకోన దండుకూ ఆ లేఖే అందింది. అక్కడి నాయకుడికీ శాసనం మీద ఆశ పుట్టింది. అక్కడి వంటవాడు మంచివాడే, పనిమంతుడే, సంగతి తెలియక వేళకే ముద్దలు పెట్టాడు. నలభై ఒక్కమంది పోయారు. వాళ్ళు గెలిచిన నాలుగు బండల చోటును మధ్యాహ్నానికి ఖాళీ చేసి, శవాలను మోసుకుని దిగారు.

ఆ మాట విని గండమనాయకుడు కూలబడిపోయాడు. కత్తి తీసి అవతల పారేశాడు. లేచి, మాచన ఎదుటికి వచ్చి, మామూలు బంటులా నేలమీద కూర్చున్నాడు.

"మాచనా, నన్ను మూడువందల ఇళ్ళ శాపంనుంచి కాపాడావు. నీ రుణం ఈ జన్మలో తీరదు. ఇప్పుడు నాకు ఆకలిగా ఉంది. నీ చేత్తో ఒక ముద్ద పెడతావా?"

మాచన పెట్టాడు. ఆ తరువాత చూడాలి ఆ మూడువందల మంది ఆకలి! గుండిగ గీకి, మాడుచెక్కతో సహా ఊడ్చేశారు. మొగలిపురం వాళ్ళు కూడా తమ చద్దిమూటలు విప్పి పక్కన కూర్చున్నారు.

సాయంత్రానికి రాజుగారు వచ్చారు. జరిగిందంతా విన్నారు. నలభై ఒక్కమందిని వరసగా పడుకోబెట్టిన చోటికి నడిచివెళ్ళి, కిరీటం తీసి కింద పెట్టారు. "తప్పు సేనాపతులదానికన్నా ముందు నాది. రాత్రి చెప్పాల్సిన మాటను మధ్యాహ్నం దాకా దాచుకున్నాను" అన్నారు. మాచనవైపు తిరిగి, "ఏం కావాలో కోరుకో" అన్నారు.

"గెలిచినవాళ్ళ పేర్లకోసం తెచ్చిన రాయి ఉంటుంది కదా మహారాజా. దాని మీద ఈ నలభై ఒక్క పేర్లూ చెక్కించండి. వాళ్ళకు నేను ముద్ద ఆపలేకపోయాను" అన్నాడు మాచన.

రాజుగారు అలాగే చెక్కించారు. ఇకమీదట కల్వకోనలో యుద్ధం ఆపడానికి ముహూర్తం చూడకూడదని కొత్త కట్టుబాటు కూడా పెట్టారు.

మూడువందల మందీ ఇళ్ళకు చేరారు. గవరయ్య భార్య గుమ్మంలోనే మొగుణ్ణి ఆపి, తల నుంచి కాళ్ళదాకా తడిమి చూసుకుంది. ఎట్లా బతికి వచ్చావని అడిగింది. గవరయ్య చెప్పాడు. ఆమె ఆ వంటవాణ్ణి ఎన్నడూ చూసింది కాదు, అతని ఊరేదో కూడా తెలియదు. గుట్ట ఉన్న దిక్కుకు తిరిగి కొంగు పట్టుకుని, "ఏ తల్లి కన్న బిడ్డో, చల్లగా ఉండాలి" అంది. ఆ రోజు మూడువందల గుమ్మాల్లో అదే దీవెన.

కాబట్టి పిల్లలూ, చెడ్డపని మొదలుపెట్టే ముందు ఎంతసేపు ఆగినా మేలే. దాన్ని ఆపాలని తెలిశాక మాత్రం ఒక్క గడియ కూడా ఆగకూడదు, ఆ గడియలో పోయేది ఎవరో ఒకరి ప్రాణం.